నేను మాన్పించిన సూది

పదేళ్లకు పైగా ఒక మాటను లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. చిన్న మాటే. చెప్పడానికి అర నిమిషం కూడా పట్టదు. చెప్పవలసిన చోట నిలబడ్డాను, చెప్పవలసిన మనిషి ఎదురుగానే ఉన్నాడు, అడగవలసిన ప్రశ్న కూడా ఎవరో అడిగారు. అయినా చెప్పలేదు. ఆ మనిషి ఇప్పుడు లేడు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. నా మొహం చూస్తూ వినేవాళ్లకు చెప్పే ధైర్యం నాకు ఈ వయసులోనూ రాలేదు.

ఒక నేతగాడి కాళ్లు నా వల్ల పోయాయి. ఆ నింద మాత్రం అతను మోశాడు.

మాది వరంగల్. కాశిబుగ్గలో నాకు మందుల దుకాణం ఉంది. చదివింది పదో తరగతి. హనుమకొండలో ఒక డాక్టరుగారి దగ్గర తొమ్మిదేళ్లు కాంపౌండరుగా పనిచేశాను. సూది వేయడం, కట్టు కట్టడం, ఏ నొప్పికి ఏ గోలీ ఇస్తారో చూసి గుర్తుపెట్టుకోవడం, అన్నీ అక్కడే. ఆయన పోయాక ఈ దుకాణం పెట్టుకున్నాను. గోడకు తగిలించిన లైసెన్సు మీద ఉన్నది మా మేనమామ కొడుకు పేరు. అతను ఎప్పుడో తప్ప వచ్చేవాడు కాదు. చుట్టుపక్కలంతా మగ్గాల ఇళ్లు. జ్వరమొచ్చినా, విరేచనాలైనా ముందు నా దగ్గరికే వచ్చేవాళ్లు. "కంపౌండరన్నా" అనేవాళ్లు. కొందరు "డాక్టర్ సాబ్" అనేవాళ్లు. మొదట్లో "నేను డాక్టర్ను కాదయ్యా" అని చెప్పేవాణ్ణి. ఆ చెప్పడం ఎప్పుడు మానేశానో గుర్తు లేదు. ఎవరూ గమనించలేదు. నేనూ గమనించలేదు.

సాంబయ్య ఇల్లు మా దుకాణం వెనక రెండో సందులో. నాకంటే మూడు నాలుగేళ్లు చిన్నవాడు. గుంట మగ్గం మీద తువాలలు, దుప్పట్లు నేసేవాడు. మగ్గం కింద గుంటలో కాళ్లు పెట్టి, రెండు చెక్కల్ని మార్చి మార్చి తొక్కుతూ, చేత్తో అటూ ఇటూ పోగు నడిపే నాడె విసురుతూ ఉంటే ఆ చప్పుడు సందు మొదటికి వినిపించేది. ఆ చప్పుడును బట్టే అది సాంబయ్య మగ్గమని చెప్పేవాళ్లు, అంత ఒక్కతీరుగా నడిచేది. భార్య అనసూర్య రాట్నం ముందు కూర్చుని నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టేది. పిల్లలు లేరు.

అతనికి కడుపులో మంట ఎన్నేళ్లుగానో ఉంది. నా దగ్గరే సోడా పొడి కొనుక్కుని నీళ్లలో కలుపుకుని తాగేవాడు. డెబ్బైల నడిమిలో ఒక వేసవి పొద్దున మగ్గం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే నెత్తురు కక్కుకున్నాడు. రిక్షాలో పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. పుండు పగిలిందన్నారు. కడుపు దాదాపు మొత్తం కోసి తీసేసి, పైనున్న గొట్టాన్ని పేగుకు కలిపి కుట్టారు. ఇరవై రోజుల తరవాత సగం మనిషై ఇంటికొచ్చాడు. మూడు ముద్దలు తింటే నిండిపోయేది. రోజుకు ఆరేడు సార్లు కొంచెం కొంచెం తినాలి. అయినా మనిషిలో నవ్వు పోలేదు.

"అన్నా, ఆకలైతాంది గని ఏడ అయితాందో తెలుస్తలేదే," అనేవాడు.

దవాఖాన వాళ్లు రాసిచ్చిన చీటీ నేనే చదివాను. ఐరన్ గోలీలు. కాల్షియం గోలీలు. నెలకొకసారి బి12 సూది. ఆ సూది ఎదురుగా పెద్ద డాక్టరు ఇంగ్లీషులో 'బతికినన్నాళ్లు' అని రాసి, దాని కింద రెండు గీతలు గీశాడు. ఆ గీతలు ఎందుకో నేను ఆలోచించలేదు. పెద్ద డాక్టర్లకు గీతలు గీయడం అలవాటు అనుకున్నాను.

దాదాపు రెండేళ్లు నెలనెలా ఆ సూది నేనే వేశాను. ఎర్రటి మందు. సాంబయ్య ఒంటి మీద కండ లేదు. సూది గుచ్చితే ఎముకకే తగిలినట్టుండేది. వేసిన తరవాత రెండు రోజులు మగ్గం గట్టు మీద కూర్చోలేకపోయేవాడు. అయినా ఒక్క నెల తప్పలేదు. ఇది గుర్తుపెట్టుకోండి. భయపడ్డాడని తరవాత అందరూ అన్నారు. భయపడినవాడు రెండేళ్లు నెల తప్పకుండా వచ్చి వెనక్కి తిరిగి నిలబడతాడా?

ఒక నెల ఆ సూది మందు రాలేదు. హైదరాబాదు నుంచి సరుకు లేదన్నారు. సాంబయ్య వచ్చి దుకాణం ముందు నిలబడ్డాడు. మధ్యాహ్నం పూట, గిరాకీ లేదు.

"అన్నా, సూదే గావాల్నా? గా మందు గోలీల రాదా?" అని అడిగాడు.

ఎంత మామూలు ప్రశ్న! నాకు తెలియదు అంటే అయిపోయేది. దవాఖానకు పోయి అడుగు అంటే అయిపోయేది. లేదా నేనే వెళ్లి అడగవచ్చు, బస్సెక్కితే పావుగంట. కానీ నేను "ఆగు, జూద్దాం" అన్నాను. బీరువాలోంచి నాలుగు రకాల విటమిన్లు తీసి గాజు బల్ల మీద పరిచాను. రెండు సీసాలు, రెండు పట్టీలు. కళ్లజోడు పైకి తోసుకుని ఒక్కొక్క దాని వెనక ఉన్న సన్న అక్షరాలు చదివాను. మూడింట్లో బి12 అని ఉంది. అందులో ఒకదాంట్లో ఫోలిక్ యాసిడ్ కూడా బాగా ఉంది, అది రక్తం పట్టడానికి మంచిదని నాకు తెలుసు. దాన్ని ఎంచాను. ఎంచుతున్నప్పుడు నాకు చాలా హాయిగా ఉంది. డాక్టర్లు కూడా ఇలాగే ఆలోచిస్తారు కాబోలు అనుకున్నాను. సాంబయ్య నా చేతుల వంకే చూస్తున్నాడు, ఏదో పూజ చూస్తున్నట్టు.

"గిది అదేనానె?"

"అదే. సూదిల ఉన్నదే గీండ్ల ఉన్నది. పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి."

"అయితే సూది బందేనా?"

"బందే. ఫికర్ జెయ్యకు."

రెండు చేతులూ జోడించి పట్టీలు అందుకున్నాడు. ఆ దండం నేను తీసుకున్నాను.

ఇంతవరకూ నాది తెలియనితనం. అహంకారంతో కలిసిన తెలియనితనమే, అయినా ఇంతవరకైతే మీరు నన్ను ఒక మామూలు మనిషిగానే చూడగలరు. నేను ఒప్పుకోవలసింది ఇది కాదు. దీని తరవాతది.

ఏడాది గడిచింది. సాంబయ్య మొహంలో రక్తం కనిపించసాగింది. పెదవులకు రంగొచ్చింది. సూది నొప్పి లేదు కనుక నెలకు రెండు రోజుల పని మిగిలింది. నేను ఎక్కడ కనిపిస్తే అక్కడ నన్ను పొగిడేవాడు. ఆ రంగు ఆ ఫోలిక్ యాసిడ్ తెచ్చిందనీ, అది రక్తాన్ని బాగుచేస్తూ లోపల నరాలు ఎండిపోతున్న సంగతిని కప్పిపెడుతుందనీ ఒక డాక్టరు నోట నేను చాలా ఆలస్యంగా విన్నాను. నేను ఏరి ఏరి ఎంచిన గోలీ, అతని జబ్బును అతనికే కనపడకుండా చేసింది.

ఆ రోజుల్లో మందుల కంపెనీ మనిషి ఒకడు రెండు నెలలకోసారి వచ్చేవాడు. టై కట్టుకుని, తోలు సంచీతో. డాక్టర్లకు చెప్పినట్టే నాకూ కాగితాలు విప్పి చూపించి చెప్పేవాడు, నాకది ఇష్టం. ఆ రోజు తమ కంపెనీ కొత్త విటమిన్ గోలీ గురించి చెబుతూ, సంచీ మూసుకుంటూ, మాటవరసకు ఇలా అన్నాడు.

"కడుపు ఆపరేషనై తీసేసినవాళ్లకు మాత్రం ఇది ఇవ్వకండి సార్. వాళ్లకు నోట్లో వేసుకుంటే ఒంటికి పట్టదు. ఇంజక్షనే గతి."

"ఎందుకట్ల?" అన్నాను.

"కడుపులో ఊరే రసం ఒకటుంటుంది సార్. అది కలిస్తేనే బి12 లోపలికి పోతుంది. కడుపే లేకపోతే రసమెక్కడిది? కొన్నాళ్లు పాత నిల్వతో నెట్టుకొస్తారు. తరవాత నరాలు దెబ్బతింటాయి."

"ఓహో," అన్నాను. నాకు ముందే తెలిసినట్టు తల ఊపాను.

అతను వెళ్లిపోయాడు. ఆ రోజుకు సాంబయ్య కాళ్లు బాగానే ఉన్నాయి. ఈ వాక్యం నేను ఇన్నేళ్లలో ఎన్నిసార్లు నాలో నేను అనుకున్నానో లెక్క లేదు. ఆ రోజుకు సాంబయ్య కాళ్లు బాగానే ఉన్నాయి. సందులోకి నాలుగడుగులు వేస్తే చాలు, ఆ మగ్గం చప్పుడు ఒక్కతీరుగా వినిపించేది.

మరునాడు అతనే వచ్చాడు. వెంట నెక్కొండ నుంచి వచ్చిన బావమరిది ఉన్నాడు. దుకాణంలో ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా ఉన్నారు. సాంబయ్య అందరికీ వినిపించేట్టు, "గీ అన్ననే నాకు సూది తప్పిచ్చిండు. పెద్ద దవాఖానోళ్లకు తెల్వంది గీనకు తెలిసింది," అన్నాడు. ఆ బావమరిది తన తల్లికి మోకాళ్ల నొప్పులనీ ఏ గోలీలు మంచివో చెప్పమనీ అడిగాడు. నేను చెప్పాను! ఆ మనిషి పక్కనే సాంబయ్య నిలబడి ఉండగా, ముందురోజు విన్నది చెవుల్లో ఉండగా, ఇంకొకరికి గోలీలు ఎంచి ఇచ్చాను. సాంబయ్యకూ అతని పట్టీలు ఇచ్చాను.

నలుగురిలో ఎందుకు, ఒంటరిగా ఉన్నప్పుడు చెబుదాం అనుకున్నాను. పై నెల ఒంటరిగానే వచ్చాడు. అప్పుడూ చెప్పలేదు. ఎందుకు? మనిషి బాగున్నాడు కదా, ఆ కంపెనీ వాడు ఏదో తమ సూదులు అమ్ముకోవడానికి అన్నాడేమో అనుకున్నాను. అనుకున్నానా, అనుకోవాలని ప్రయత్నించానా? ఆ సూది మందు పెట్టె ఒకటి తెప్పించాను కూడా. బీరువా పై అరలో పెట్టాను. సాంబయ్య వచ్చిన ప్రతిసారీ చెయ్యి అక్కడిదాకా వెళ్లేది. మళ్లీ సూది ఎందుకన్నా అని అతను అడిగితే, ఆ ప్రశ్నకు నా దగ్గర ఒకటే జవాబు ఉంది. ఆ జవాబు చెప్పిన రోజున కాశిబుగ్గలో నేను ఎవరిని? గోడ మీద వేరేవాడి పేరు తగిలించుకున్న పదో తరగతి వాణ్ణి. బలానికి వేస్తున్నానని అబద్ధం చెప్పి అయినా ఆ సూది వేసి ఉండవచ్చు. అది నాకు తోచకపోలేదు. కానీ సూది ముట్టుకుంటే నేను తప్పు చేశానని నాకు నేను ఒప్పుకున్నట్టు. ముట్టుకోకపోతే, ఇంకా ఏమీ జరగనట్టు.

ఎనిమిది నెలలు అలా గడిచాయి. ఎనిమిదిసార్లు వచ్చాడు. ఎనిమిదిసార్లు ఇచ్చాను.

తొమ్మిదోసారి ఒక కాలికి చెప్పు లేకుండా వచ్చాడు.

"అన్నా, చెప్పు యాడ్నో జారిపోయినట్టున్నది. జారిపోతె సుత తెల్వలే. కాళ్లు మొద్దువారినట్టు అయితాన్నయి. మాపటికి మంటలు."

నాకు అప్పుడే అర్థమైంది. ఒక్క క్షణం కూడా పట్టలేదు. పై అరలో పెట్టె ఉంది. నేను ఏం చేశానో తెలుసా? "గుంటల తేమకు తిమ్మిర్లు అట్లనే అయితయి" అన్నాను. వేరే గోలీలు ఇచ్చాను. కాళ్లకు రాసుకోవడానికి నూనె ఇచ్చాను. అతను నమ్మాడు. అతను నమ్మకపోతే ఎంత బాగుండేది! నా మీద ఒక్కసారి అరిచి, ఎవరైనా డాక్టరు దగ్గరికి వెళ్లి ఉంటే! అంత తప్పూ నేను చేసి, నన్ను నమ్మినందుకు అతని మీద నాకు కోపం వచ్చేది. ఇదీ చెబుతున్నాను మీకు.

తరవాత మగ్గం చప్పుడు మారింది. దుకాణంలో కూర్చుంటే నాకు తెలిసేది. రెండు తొక్కుళ్లు, ఆగడం. మూడు తొక్కుళ్లు, ఆగడం. కాలు చెక్క మీద ఉందో పక్కకు పోయిందో తెలియక, వంగి గుంటలోకి చూసుకుని తొక్కుతున్నాడట. పోగులు తెగేవి. నేసిన దుప్పట్లు వంకరపోయాయని వెనక్కి వచ్చాయి. నాలుక ఎర్రగా పుండై కారం తినలేకపోయాడు. ఒక పొద్దున స్నానానికి కూర్చుని, మొహానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకోగానే పక్కకు ఒరిగి పడిపోయాడు. కళ్లు మూస్తే నేల ఎక్కడుందో అతనికి తెలియడం లేదు. అనసూర్య నా దుకాణానికి పరుగెత్తుకొచ్చింది.

"అన్నా, నువ్వు రాయే. దవాఖానల వాళ్ల ముచ్చట నాకు సమజ్ గాదు. నీకైతే తెలుస్తది."

వెళ్లాను. వెళ్లకుండా ఎలా ఉంటాను? ఆటోలో హనుమకొండ దవాఖానకు వెళ్లాం. సాంబయ్య మా ఇద్దరి మధ్య కూర్చున్నాడు. దారి పొడుగునా నా భుజం పట్టుకునే ఉన్నాడు.

అక్కడ ఒక కుర్ర డాక్టరు చూశాడు. ఓపికగా చూశాడు. సాంబయ్యను బల్ల మీద పడుకోబెట్టి కళ్లు మూసుకోమన్నాడు. కాలి బొటనవేలు పట్టుకుని పైకి కిందికి వంచుతూ, ఎటు వంచానో చెప్పమన్నాడు. కిందికి వంచాడు. "మీదికి," అన్నాడు సాంబయ్య. మళ్లీ కిందికి వంచాడు. "మీదికే సారూ." పైకి వంచాడు. ఏం చెప్పాలో తెలియక, పరీక్షలో పిల్లవాడిలా, సాంబయ్య "కిందికి గావచ్చు," అన్నాడు. నేను ఆ వేలునే చూస్తూ నిలబడ్డాను.

డాక్టరు పొట్ట మీది కుట్ల మచ్చ చూశాడు. పాత చీటీ చూశాడు. ఆ రెండు గీతలు చూశాడు.

"ఈ ఇంజక్షన్ ఎప్పుడు ఆపేశావు?"

"రెండేండ్లు దాటింది సారు."

"ఎవరు ఆపమన్నరు?"

ఆ గదిలో మేం నలుగురం. గోడకు ఆనుకుని అనసూర్య. నేను సాంబయ్య తల దగ్గర. సాంబయ్య కళ్లు తెరిచి ఒక్కసారి నా వైపు చూశాడు. ఆ చూపు నాకిప్పటికీ అర్థం కాలేదు. చెప్పమని అడిగాడా? చెప్పకు అన్నాడా? లేక పడుకున్న మనిషి తలెత్తితే ఎదురుగా నేను ఉన్నాను, అంతేనా?

"ఎవలు జెప్పలే సారు. సూదికి బుగులువడి నేనే మానుకున్న."

డాక్టరుకు కోపమొచ్చింది. "ఇంత మనిషివి, సూదికి భయపడి కాళ్లు పోగొట్టుకుంటవా?" అన్నాడు. తరవాత నా వైపు తిరిగి, "చదువుకున్నవాళ్లు, మీరైనా చెప్పొద్దా?" అన్నాడు.

నేను తల దించుకున్నాను. చూసేవాళ్లకు అది బాధలా కనిపించి ఉంటుంది.

ఇదే ఆ చోటు. మొదట చెప్పానే, చెప్పవలసిన చోట నిలబడ్డానని. ఆపమన్నది నేను సార్, అనాలి. మూడు మాటలు. నోరు తెరవబోయాను కూడా. అంతలో డాక్టరు కలం తీసి రాయడం మొదలుపెట్టాడు. రాస్తూనే, "ఏడాది ముందొచ్చినా చాలావరకు తిరిగొచ్చేది. ఇప్పుడు ఎంత వస్తుందో చెప్పలేను," అన్నాడు. ఏడాది. ఆ కంపెనీ మనిషి చెప్పి అప్పటికి ఏడాదిన్నర.

రెండు వారాలు రోజూ సూది, తరవాత వారానికొకటి, ఆ తరవాత నెలనెలా. నేనే వేశాను. ఒక్క రోజు తప్పకుండా వాళ్లింటికి వెళ్లి వేశాను. ఏమీ తీసుకోలేదు. సందంతా నన్ను మెచ్చుకుంది. ఇంత మంచి మనిషి ఉంటాడా అన్నారు. నేను ఆ మెప్పును వద్దనలేదు, ఎలా అంటాను, వద్దంటే ఎందుకో చెప్పాలి కదా. సాంబయ్య నాలుక పుండు మానింది. ఒంట్లో సత్తువ వచ్చింది. చేతుల తిమ్మిరి పోయింది. కాళ్లు మాత్రం రాలేదు. కర్ర పట్టుకుని, రెండు పాదాలనూ చూసుకుంటూ, వీధి చివరిదాకా నడవగలిగేవాడు. తల ఎత్తితే పడిపోయేవాడు. మగ్గం ఇక తొక్కలేకపోయాడు.

అనసూర్య మగ్గం ఎక్కింది. రాట్నం ముందు సాంబయ్య కూర్చున్నాడు. ఆడవాళ్లు, పిల్లలు చుట్టే కండెలు అతను చుట్టేవాడు. ఆమెకు మగ్గం అలవాటు కావడానికి ఏడాది పట్టింది. నడుం విరిగేలా పనిచేసి, ఆ నొప్పిలో, ఆ విసుగులో, ఆమె అతన్ని అనేది.

"సూదికి బుగులువడి కాళ్లు వోగొట్టుకున్నడు మొగోడు. నా నెత్తిన మగ్గం వెట్టిండు."

నేను సూదిలోకి మందు ఎక్కిస్తూ ఈ మాట విన్నాను. ఒకసారి కాదు. ఏడేళ్లు విన్నాను. ఇంటికొచ్చిన చుట్టాల ముందు అనేది. పక్కింటివాళ్లతో అనేది. ఆమె చెడ్డది కాదు, అతనికి రోజుకు ఆరుసార్లు వేడిగా వండి పెట్టిన మనిషి. సాంబయ్య మాత్రం కండె చుడుతూనే ఉండేవాడు. దారం వేలి మీదుగా జారుతుంటే దాన్నే చూస్తూ కూర్చునేవాడు.

ఒకసారి ప్రయత్నించాను. సూది వేశాక, దూది అదిమిపట్టి, "సాంబయ్యా, గా గోలీల ముచ్చట…" అన్నాను.

"ఏ గోలీలన్నా?" అన్నాడు.

అనసూర్య చాయ్ గ్లాసులతో లోపలికి వచ్చింది. నేను, "ఐరన్ గోలీలు బంద్ జెయ్యకు అంటాన," అన్నాను. చాయ్ తాగి వచ్చేశాను.

మేం చర్చికి పోయే క్రైస్తవులం. ఆదివారం అందరం కలిసి పాపపు ఒప్పుకోలు చదువుతాం. అందరి గొంతుల్లో నా గొంతు కలిసిపోతుంది. చేసినవాటి వలన, చేయక విడిచిపెట్టినవాటి వలన, అని చదివేటప్పుడు ప్రతివారం ఆ బొటనవేలు కనిపించేది. అయినా అందరితోపాటు ఆమెన్ అని ఇంటికొచ్చి అన్నం తినేవాణ్ణి. పాదిరిగారితో చెప్పవచ్చు. దేవుడు క్షమిస్తాడు అంటారు. నేను అన్యాయం చేసింది దేవుడికి కాదు కదా, ఆయన ఎలా క్షమిస్తాడు? ఈ ప్రశ్న కూడా చెప్పకుండా ఉండడానికి నేను వెతుక్కున్న దారేనా?

మొన్నటి కిందటి వానాకాలంలో సాంబయ్యకు నిమ్ము చేసింది. నాలుగు రోజుల్లో పోయాడు. పాడెకు నేనూ భుజం పట్టాను.

పదకొండో రోజు అయ్యాక వాళ్లింటికి వెళ్లాను. ఈసారి చెప్పడానికే వెళ్లాను. దారంతా మాటలు పేర్చుకున్నాను. ఇక అతను లేడు, కనీసం ఆమెకు తెలియాలి, ఆయన పిరికివాడు కాదని తెలియాలి. అనసూర్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన ఎవరూ లేరు. నేను నోరు తెరవకముందే ఆమె మొదలుపెట్టింది.

"అన్నా, ఆయన్ని శానా మాటలన్న. శానా అంటే శానా. నోటికొచ్చినట్టల్ల అన్న. రాత్రిపూట అవ్వే యాదికొత్తాన్నయి. మల్ల ఏమనుకుంటానంటె, ఉత్తగనే అన్ననా? ఆయన జేస్కున్నదే గదా. దవాఖానల ఆయన నోటితోనే ఒప్పుకున్నడు, నువ్వు సుత ఉన్నవ్ గదా. గా ఒక్క ముచ్చట లేకపోతే నేను బతకలేకపోదునన్నా."

అని నా మొహంలోకి చూసింది. అవునని నేను అనడం కోసం చూసింది.

"అవునమ్మా," అన్నాను. "ఆయన జేస్కున్నదే."

ఇంతకాలం ఊరుకున్నాను గాని, నోరు తెరిచి అబద్ధం ఆడింది ఆ రోజే.

ఆమె మీద జాలితో అన్నానని చాలాసార్లు చెప్పుకున్నాను. నిజం చెబితే ఆమె ఏడేళ్ల మాటలూ ఆమె మీదికే తిరిగి వచ్చేవి. వెనక్కి తీసుకుందామంటే వినడానికి అతను లేడు. ఆ మనిషికి ఆ ఒక్క ఆసరా మిగిలింది, దాన్ని లాగేసే హక్కు నాకుందా? ఇదంతా నిజమే. కానీ ఆమె మాట వినగానే నాకు ముందుగా కలిగింది జాలి కాదు. హాయి. తప్పించుకున్నానన్న హాయి. ఆమె దుఃఖం నాకు అడ్డం నిలబడింది, నేను దాని వెనక దాక్కున్నాను. సందు దాటేసరికి నా నడక ఎంత తేలికగా ఉందంటే, అది గమనించి నేనే ఆగిపోయాను. వీధి మధ్యలో నా రెండు పాదాల వంక చూసుకుంటూ నిలబడ్డాను.

అనసూర్య ఇప్పటికీ నేస్తోంది. నడుం నొప్పికి గోలీలు నా దగ్గరికే వచ్చి అడుగుతుంది. డాక్టరు దగ్గరికి పోయి రాయించుకు రమ్మంటాను. అందరికీ అలాగే చెబుతున్నాను ఇప్పుడు. ఈ అన్న మునుపటి తీరు లేడు, బుగులు ఎక్కువైంది అనుకుంటున్నారు. అనుకోనివ్వండి.

ఇది ఆమె చదవదని నాకు తెలుసు. ఆమెకు చదువు రాదు. తెలిసే రాశానా? తెలిసే రాశాను. కనుక ఇది కూడా పూర్తి ధైర్యం కాదు. మీరు నన్ను క్షమించవలసిన పని లేదు, అది మీ చేతుల్లోదీ కాదు. ఒక్కటే, ఎక్కడైనా ఒకచోట నిజం నిజంలా ఉండాలనిపించింది. కాశిబుగ్గలో అందరికీ తెలిసింది వేరు. ఈ కాగితం మీద మాత్రం ఇలా ఉంటుంది: సాంబయ్య సూదికి భయపడలేదు. నేను మాన్పించాను. మాన్పించింది తప్పని తెలిశాక కూడా ఊరుకున్నాను.

రాసేశాను. కలం పక్కన పెట్టాను. ఊపిరి కాస్త ఆడుతోంది.